పెద్ద అంగడి – పొరుగు అంగడి

మానవునికి కూడు, గుడ్డ, గూడు ఎంత అవసరములో, వానిని చేకూర్చి పెట్టు అంగడియు అంత అవసరము. ఏ గృహస్థుడును తన ఇంటికి కావలసిన వస్తువులన్నిటిని తానే పండించుకొనలేడు. తానే తయారు చేసికొనలేడు. ఒకరు పండించినది వేరొకరికి చేరుటకు నడుమ వర్తకుడుండవలెను. అందుచేత అంగడి ఎట్లు మారుచు వచ్చినదో తెలిసికొన్నచో, ప్రజల జీవనవిధానము ఎట్లు మారుచు వచ్చినదో కూడ మనకు తెలియును.

గడచిన నూరేండ్లలో అంగడి స్వరూపమును మిక్కిలిగా మార్చిన దేశము అమెరికా. ఆ దేశములో నేడు ముఖ్యముగా రెండు విధములైన అంగళ్ళు కానవచ్చును. ఒకటి ఊరి వెలుపల రహదారి ప్రక్కన ఎకరముల కొలది నేలపై నిలిచి, సమస్త వస్తువులను చౌకధరలకు అమ్ము పెద్ద అంగడి. రెండవది ఇండ్ల నడుమ, ఇంటికి చేరువగా ఉండి, తిండి సామానులను ముఖ్యముగా అమ్ము సూపర్ మార్కెట్. ఈ రెంటిలో ఎచ్చట కొనుట మేలు? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కనిపించును. కాని ఒక కుటుంబపు నెలసరి వ్యయమును, ఒక ఊరి బాగోగులును ఇందులో ఇమిడి యున్నవి. కనుక దీనిని కొంచెము నిదానముగా పరిశీలింతము.

ఇరువదవ శతాబ్దపు ఆరంభములో అమెరికాలోని పచారీ అంగడి మన పాతకాలపు కిరాణా కొట్టు వంటిదే. అడ్డముగా ఒక పొడవైన బల్ల, దాని వెనుక అరలు, అరలలో సరకులు. కొనుగోలుదారుడు బల్ల ఇవతల నిలిచి తనకు కావలసినవి చెప్పవలెను. గుమాస్తా ఒక్కొక్క వస్తువును తెచ్చి, తూచి, పొట్లము కట్టి ఇచ్చెడివాడు. చాల అంగళ్ళలో అరువు పద్దులు కూడ ఉండెడివి. ఈ పద్ధతిలో ఆదరము కలదు. కాని ఆలస్యమును కలదు. పదిమంది వచ్చినచో పదవవాడు చాలసేపు నిలువబడవలెను. గుమాస్తాల జీతములు సరకుల ధరలలోనే చేరుచుండెను.

క్లారెన్స్ సాండర్స్ అను వర్తకుడు 1916వ సంవత్సరము సెప్టెంబరు నెలలో టెనెస్సీ రాష్ట్రమందలి మెంఫిస్ నగరములో ఈ పద్ధతిని తలక్రిందులు చేసెను. అతడు తన అంగడికి ‘పిగ్లీ విగ్లీ’ అను వింతైన పేరు పెట్టెను. అందులో అడ్డుబల్ల లేదు. కొనుగోలుదారులు ఒక ద్వారమున ప్రవేశించి, బుట్ట చేతబట్టి, అరల నడుమ నడచుచు, కావలసిన వస్తువులను తామే తీసికొని, చివర ఒకచోట సొమ్ము చెల్లించి వెలుపలికి పోవలెను. ప్రతి వస్తువు మీదను దాని ధర వ్రాసి యుండెను. ‘ఎవరి పని వారు చేసికొనుటయే’ ఈ అంగడి రహస్యము. గుమాస్తాల ఖర్చు తగ్గెను, ధరలు తగ్గెను. బేరము చేయనక్కరలేక, ఎవరినీ అడుగనక్కరలేక, తీరికగా చూచుకొని కొనుట జనులకు నచ్చెను. ఆ మరుసటి సంవత్సరమే సాండర్స్ తన పద్ధతికి పేటెంటు హక్కును కూడ పొందెను.

తరువాత పదునాలుగేండ్లకు మైకేల్ కల్లెన్ అనునతడు ఇంకొక అడుగు ముందుకు వేసెను. అతడొక పెద్ద అంగళ్ళ సంస్థలో ఉద్యోగి. పట్టణ మధ్యమున చిన్న చిన్న అంగళ్ళు పెట్టుటకు మారుగా, అద్దె తక్కువగా దొరకు చోట పెద్ద అంగడి పెట్టవలెననియు, 300 రకముల సరకులను కొన్న ధరకే అమ్మవలెననియు, మరి 200 రకములపై నూటికి ఐదు మాత్రమే లాభము తీయవలెననియు, మిగిలిన వానిపై మాత్రమే కొంత ఎక్కువ లాభము తీయవలెననియు అతడు తన పైఅధికారికి లేఖ వ్రాసెను. ఆ లేఖకు తగిన ఆదరణ లభింపలేదు. కల్లెన్ ఉద్యోగమును విడిచి, 1930వ సంవత్సరము ఆగస్టులో న్యూయార్క్ నగరమునకు చెందిన క్వీన్స్ ప్రాంతములో, ఒకప్పుడు మోటారు బండ్లు నిలిపిన పాత షెడ్డులో, ‘కింగ్ కల్లెన్’ అను అంగడిని తెరచెను. అది ఆర్థికమాంద్యపు కాలము. ప్రజల చేతిలో డబ్బు లేదు. చౌకగా దొరకుననగానే జనులు దూరమునుండి కూడ బండ్లలో వచ్చి కొనసాగిరి. నేటి సూపర్ మార్కెట్టునకు ఇదియే మొదటి నమూనా అని పలువురు చెప్పుదురు.

ఈ కథలో ఒక చిన్న వస్తువునకు పెద్ద స్థానము కలదు. అది చక్రముల బండి. ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అను అంగడి యజమాని కొనుగోలుదారులను గమనించుచుండెను. చేతిలోని బుట్ట బరువెక్కగానే వారు కొనుట మానివేయుచుండిరి. మడత కుర్చీని చూచిన అతనికి ఒక ఆలోచన తట్టెను. కుర్చీకి చక్రములు తగిలించి, దానిపై బుట్టలు పెట్టినచో బరువు తెలియదు గదా! 1937లో అతడు అట్టి బండ్లను తన అంగడిలో పెట్టెను. కాని మొదట వానిని ఎవరును ముట్టలేదు. ‘బుట్ట మోయలేని దుర్బలులమా?’ అని పురుషులనుకొనిరి. ‘ఇది పసిపిల్లల బండివలె నున్నది’ అని స్త్రీలు ముఖము చిట్లించిరి. అప్పుడు గోల్డ్‌మన్ కొందరికి కూలి ఇచ్చి, వారిచేత అంగడిలో బండ్లు తోయించుచు సరకులు కొనుచున్నట్లు నటింపజేసెను. నలుగురు తోయుచుండుట చూచి ఐదవవారు తోసిరి. బండి వచ్చిన తరువాత మనిషి కొనగల పరిమాణమునకు చేతిబలముతో పని లేకపోయెను.

1962వ సంవత్సరము చౌకధరల పెద్ద అంగళ్ళ చరిత్రలో గుర్తుంచుకొనదగినది. ఆ ఒక్క ఏటనే మిచిగన్ రాష్ట్రములో కె-మార్ట్, మిన్నెసోటా రాష్ట్రములో టార్గెట్, ఆర్కాన్సా రాష్ట్రమందలి రోజర్స్ అను చిన్న ఊరిలో వాల్‌మార్ట్ తమ మొదటి అంగళ్ళను తెరచినవి. వీనిలో వాల్‌మార్టును స్థాపించిన సామ్ వాల్టన్ చిన్న ఊళ్ళలోనే వర్తకము నేర్చినవాడు. ఇతర సంస్థలు పెద్ద నగరముల వెంట పరుగెత్తుచుండగా, అతడు ఎవరును పట్టించుకొనని చిన్న ఊళ్ళను ఎన్నుకొనెను.

వాల్టన్ నమ్మిన సూత్రము చిన్న లెక్కతో తెలియును. ఒక వస్తువును 80 సెంట్లకు కొని 1 డాలరు 20 సెంట్లకు అమ్మినచో ఒక్కొక్క దానిపై 40 సెంట్లు లాభము. దానినే 1 డాలరుకు అమ్మినచో లాభము 20 సెంట్లే. కాని ధర తగ్గించినందువలన మూడు రెట్లు అమ్ముడుపోయినదనుకొందము. అప్పుడు 40 సెంట్లు వచ్చుచోట 60 సెంట్లు వచ్చును. ఒక్కొక్క వస్తువుపై లాభము సగమైనను మొత్తముపై లాభము పెరిగినది. కొనువారికి చౌక, అమ్మువానికి లాభము. ఈ లెక్కయే పెద్ద అంగడికి పునాది.

అయినను, తక్కువ ధరకు అమ్మవలెనన్న కోరిక ఒక్కటియే చాలదు. అమ్మినను నష్టము రాకుండునట్లు ఖర్చులను తగ్గించుకొనవలెను. పెద్ద అంగళ్ళవారు దీనికి పెక్కు ఉపాయములు కనిపెట్టిరి. మొదటిది, వేల అంగళ్ళకు కావలసిన సరకును ఒక్కసారిగా తయారీదారు నుండి కొనుట. లక్షల సంచులు కొనువాడు అడిగిన ధర, పది సంచులు కొనువానికి దొరకదు. రెండవది, నడుమ నున్న టోకు వర్తకులను తప్పించి, తమ సొంత గిడ్డంగులను, సొంత లారీలను పెట్టుకొనుట. వాల్టన్ తన అంగళ్ళను గిడ్డంగి నుండి ఒక దినపు ప్రయాణములో చేరగల దూరములోనే కట్టించెను. మూడవది, ఊరి వెలుపల చవుకగా దొరకు భూమిపై ఆడంబరము లేని కట్టడమును నిర్మించుట. నాలుగవది, లెక్కలకు యంత్రములను వాడుట. నేడు ప్రతి పొట్లముపై కనబడు నల్లగీతల గుర్తును, అనగా బార్‌కోడును, మొట్టమొదట 1974 జూన్ 26వ తేదీన ఒహాయో రాష్ట్రమందలి ట్రాయ్ పట్టణములో ఒక సూపర్ మార్కెట్టులో చదివిరి. ఆనాడు అమ్మిన మొదటి వస్తువు ఒక చూయింగ్ గమ్ పొట్లము. ఏ సరకు ఎంత అమ్ముడుపోయినదో, ఏది నిండుకొన్నదో అప్పటికప్పుడు తెలిసికొనుట దీనివలన సాధ్యమైనది.

కొన్ని అంగళ్ళు వేరొక మార్గమును పట్టినవి. సోల్ ప్రైస్ అను వర్తకుడు 1976లో శాన్‌డియేగో నగరములో, పూర్వము విమానములుంచిన పెద్ద శాలలో ‘ప్రైస్ క్లబ్’ను పెట్టెను. ఏటేటా చందా కట్టిన సభ్యులే అందులో కొనవలెను. 1983లో సియాటిల్ నగరములో ఆరంభమైన కాస్ట్‌కో కూడ ఈ మార్గములోనిదే. 1993లో ఈ రెండును కలిసిపోయినవి. సాధారణ సూపర్ మార్కెట్టులో సుమారు 30,000 రకముల సరకులుండగా, కాస్ట్‌కోలో నుండునవి సుమారు 4,000 మాత్రమే. రకములు తక్కువైనచో ఒక్కొక్క రకమును ఎక్కువగా కొనవచ్చును. అందుచేత ధర తగ్గును.

ఇక ఈ రెండు విధముల అంగళ్ళలో అడుగుపెట్టిన మనిషికి కలుగు అనుభవమును చూతము.

పెద్ద అంగడి ముందు మొదట కనబడునది అంగడి కాదు. కార్లు నిలుపు మైదానము. కారు నిలిపి, బండి నొకదానిని లాగికొని లోనికి ప్రవేశించినచో, ఎత్తైన కప్పు, తెల్లని దీపకాంతి, చివర కానరాని అరల వరుసలు. ఇట్టి అంగడి వైశాల్యము పలుచోట్ల నాలుగెకరముల వరకు ఉండును. రొట్టె, పాలు, కూరగాయలు ఒక దిక్కున. చొక్కాలు, చెప్పులు వేరొక దిక్కున. సైకిళ్ళు, టెలివిజన్లు, మందులు, మోటారు చక్రములు, ఆటబొమ్మలు, పూలమొక్కలు మరొక దిక్కున. లక్షకు పైగా రకములు ఒక్క కప్పు క్రింద దొరకును. పాఠశాలకు పోవు పిల్లవానికి పుస్తకముల సంచి, తండ్రికి సుత్తె, తల్లికి బియ్యము, తాతకు మందు ఒకేచోట కొనవచ్చును. ఎవరును ‘ఏమి కావలె’నని వెంటబడరు. కొన్న వస్తువు నచ్చనిచో రసీదు చూపి తిరిగి ఇచ్చు వీలును చాల అంగళ్ళలో కలదు. ఇవి మెచ్చుకొనదగిన సదుపాయములే.

కాని ఒక్క పాలసీసా కోసము పోయినవాడు ఎంతదూరము నడవవలెనో ఆలోచింపుడు. పాలు, గ్రుడ్లు అంగడి వెనుక గోడ దగ్గర నుండుట పరిపాటి. దారిలో వందల వస్తువులు అతనిని పలుకరించును. సందేహము కలిగినచో అడుగుటకు మనిషి కనబడుట కష్టము. కనబడినను, ‘అది నా విభాగము కాదు’ అను సమాధానము రావచ్చును. చివర సొమ్ము చెల్లించుచోట బారులు. లేదా తానే వస్తువులను యంత్రమునకు చూపి సొమ్ము కట్టు ఏర్పాటు. సాండర్స్ గుమాస్తాను తొలగించి అరలయొద్ద పనిని కొనుగోలుదారునికి అప్పగించెను. నేటి యంత్రము లెక్క చూచు పనిని కూడ అతనికే అప్పగించినది.

పొరుగు సూపర్ మార్కెట్టు సంగతి వేరు. అది నడకదూరములోనో, కారులో ఐదారు నిమిషముల దూరములోనో ఉండును. పది నిమిషములలో పని ముగించుకొని రావచ్చును. ఏ వస్తువు ఏ అరలో నున్నదో నిత్యము పోవువారికి కంఠస్థము. మాంసము కోయువాడు, రొట్టెలు కాల్చువాడు, లెక్క చూచునామె ముఖపరిచయము గలవారు. ‘మీరు అడిగిన పండ్లు నేడు వచ్చినవి’ అని వారు చెప్పుదురు. ముసలివారు సామాను మోయలేనిచో కారు వరకు తెచ్చి ఇత్తురు. ఆ ఊరి రైతు పండించిన టమాటాలు, ఆ ప్రాంతమువారు ఇష్టపడు రొట్టెలు అచ్చట దొరకును. కాని పెద్ద అంగడితో పోల్చినచో సాధారణముగా ధరలెక్కువ; రకములు తక్కువ. ఆ లోపమును పూరించుకొనుటకు వారు వారమునకొకసారి కొన్ని వస్తువుల ధరలను బాగుగా తగ్గించి, కరపత్రములు పంచుదురు. ఆ వస్తువులపై లాభము లేకున్నను, వానికొరకు వచ్చినవారు తక్కిన సరకులను కూడ కొందురని వారి ఆశ.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు ఈ రెండు పద్ధతులను కలిపి వాడుకొనుట తరచుగా కానవచ్చును. పాలు, నూనె, పండ్లు, కాగితపు సామగ్రి మొదలగువానిని పెద్ద అంగడిలో ఒక్కసారిగా కొందురు. కాని కందిపప్పు, సోనా మసూరి బియ్యము, చింతపండు, గోంగూర, కరివేపాకు మున్నగునవి కావలసినప్పుడు భారతీయుల చిన్న అంగడికే పోవుదురు. లక్ష వస్తువులున్న అంగడిలో మనకు కావలసిన నాలుగు వస్తువులు లేకపోవచ్చును. ఎక్కువ రకములుండుట వేరు. మనకు కావలసినది ఉండుట వేరు.

ఇప్పుడు ఖర్చును లెక్కింతము. ఒక కుటుంబము కొనవలసిన సరకులు పొరుగు అంగడిలో 60 డాలర్లు, పెద్ద అంగడిలో 50 డాలర్లు అనుకొందము. 10 డాలర్లు మిగిలినట్లు తోచును. పెద్ద అంగడి 15 మైళ్ళ దూరములో నున్నది. పోయి వచ్చుటకు 30 మైళ్ళు. ఆ కారు గ్యాలనుకు 25 మైళ్ళు నడచునదైనచో 1.2 గ్యాలనుల పెట్రోలు ఖర్చగును. గ్యాలను ధర మూడున్నర డాలర్లైనచో 4 డాలర్ల 20 సెంట్లు. మిగిలినది 5 డాలర్ల 80 సెంట్లు. దారిలో కంటికి ఇంపైన వస్తువు నొకదానిని, అవసరము లేకున్నను, 8 డాలర్లకు కొన్నచో ఆ మిగులు పోయి, 2 డాలర్ల 20 సెంట్లు చేతినుండి పడినవి. గంటన్నర కాలము ఖర్చైన సంగతి ఈ లెక్కలో చేరనే లేదు.

అట్లని పెద్ద అంగడి ఎల్లప్పుడును నష్టమే అని చెప్పరాదు. అదే కుటుంబము నెలకొకసారి మాత్రమే పోయి, వ్రాసికొనిన జాబితా ప్రకారము కొని, 30 డాలర్లు ఆదా చేసినచో, పెట్రోలు ఖర్చు పోను 25 డాలర్ల 80 సెంట్లు నిజముగానే మిగులును. ఏటికి అది 300 డాలర్లు దాటును. తక్కువ ఆదాయముతో పిల్లలను పెంచు తల్లికి ఆ మొత్తము సామాన్యమైనది కాదు. పెద్ద అంగళ్ళను నిందించువారు ఈ తల్లిని మరువరాదు. కనుక అంగడి మేలుకీడులు అంగడిలో మాత్రమే లేవు. మనము ఎంత తరచుగా పోవుదుము, ఎంత దూరము పోవుదుము, ఏమి కొందుము అను దానిలో కూడ ఉన్నవి.

పెద్ద సంచి ఎల్లప్పుడును చౌక అనుకొనుటయు పొరపాటే. ఇద్దరే ఉన్న ఇంటికి పది దినములలో పాడగు పండ్లను పెట్టెడు తెచ్చినచో, పారవేసినవాని ధర తిన్నవానిపై పడును. కొన్నిచోట్ల పెద్ద పొట్లమే ప్రియముగా నుండును. అరకిలో పొట్లము 62 రూపాయలు, కిలో పొట్లము 130 రూపాయలు అనుకొందము. రెండు చిన్న పొట్లములు 124 రూపాయలకే వచ్చును గదా! పొట్లమును కాదు, కిలో ధరను చూచుట వివేకవంతుల లక్షణము.

అంగడివారు మన కంటిని, కాలిని, ముక్కును కూడ ఎరిగినవారు. ఎక్కువ లాభము వచ్చు సరకును కంటికి సరియైన ఎత్తులో పెట్టుదురు. చౌకసరకు మోకాలి దగ్గర నుండును. పిల్లల తినుబండారములు పిల్లల కంటి ఎత్తులో నుండును. రొట్టెలు కాలు సువాసన ఆకలిని పుట్టించును. వరుసల చివరల గుట్టలుగా పోసిన సరకు చౌకయైనదే యని మనము భ్రమపడుదుము. సొమ్ము చెల్లించుటకు నిలుచుచోట మిఠాయిలు చేతికందునట్లు ఉండును. ఇది చిన్న అంగడిలోను కలదు. పెద్ద అంగడిలో మనము నడచు దూరమెక్కువ కనుక వలలును ఎక్కువ.

ఇంతవరకు ఒక ఇంటి సంగతి చెప్పుకొంటిమి. ఇక ఊరి సంగతి. అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన కెన్నెత్ స్టోన్ అను ఆర్థికశాస్త్ర ఆచార్యుడు, వాల్‌మార్ట్ వచ్చిన తరువాత ఆ రాష్ట్రపు చిన్న ఊళ్ళ వ్యాపారము ఎట్లు మారినదో 1980 దశకపు చివరి నుండి పరిశీలించెను. అతడు కనుగొన్న విషయములు ఆలోచింపదగినవి. పెద్ద అంగడి అమ్మిన వస్తువులనే అమ్మువారు నష్టపోయిరి. అది అమ్మని వస్తువులను అమ్మువారికి, ఉదాహరణకు గృహోపకరణములు, భోజనశాలలు నడపువారికి, వచ్చిపోవు జనముతో వ్యాపారము పెరుగుటయు కలదు. ఎక్కువ నష్టము కలిగినది పెద్ద అంగడి లేని చుట్టుపట్ల చిన్న ఊళ్ళకు. అచ్చటి జనులు తమ ఊరు విడిచి పెద్ద అంగడికి పోసాగిరి. చిన్న వర్తకులు ఏడ్చుచు కూర్చుండక, పెద్ద అంగడిలో లేని సరకును, అచ్చట దొరకని సేవను అందించి నిలువవలెనని ఆ ఆచార్యుడు సలహా చెప్పెను.

ఉత్తర కరొలైనా రాష్ట్రములో ఓరియంటల్ అను చిన్న ఊరు కలదు. అచ్చటి జనసంఖ్య వేయికి లోపు. ఆ ఊరి పచారీ అంగడి నలుబది ఏండ్లకు పైగా ఒక కుటుంబమువారి చేతిలో నడచినది. 2014లో వాల్‌మార్ట్ సంస్థ ఆ ఊరిలో తన చిన్న తరహా అంగడిని తెరచెను. ధరలు తక్కువ, జనులు అటు మరలిరి. మరుసటి సంవత్సరము పాత అంగడి మూతపడెను. 2016 జనవరిలో ఆ సంస్థ అమెరికాలో 154 అంగళ్ళను మూసివేయుచున్నట్లు ప్రకటించెను. వానిలో ఓరియంటల్‌లోని అంగడియు ఒకటి. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినట్లయ్యెను. కారు నడుపలేని వృద్ధులకు రొట్టెయు పాలును కొనుటయే సమస్య అయ్యెను.

ఇందులో ఎవరిని నిందింపవలెను? సంస్థకు లాభము లేనిచోట అంగడి నడపుట సాధ్యము కాదు. చౌకగా దొరకుచోట కొనుట కొనుగోలుదారుల తప్పు కాదు. ఎవరికి వారు తమకు మేలైనదే చేసిరి. కాని అందరు చేసిన దాని ఫలితము ఎవరికిని మేలు కాలేదు. పొరుగు అంగడి మనము వారమంతయు పోయి కొన్నందువలన నిలుచునది. అవసరము పడిన నాడు మాత్రమే అది తెరచియుండవలెనని కోరుట న్యాయము కాదు.

పెద్దవి యగుటచేతనే అంగళ్ళు శాశ్వతములు కావు. 1962లో వాల్‌మార్టుతో పాటు పుట్టిన కె-మార్ట్ ఒకప్పుడు దానికన్న పెద్దది. అది 2002లో దివాలా తీసెను. అమెరికా ప్రధాన భూభాగమున మిగిలిన దాని చివరి పెద్ద అంగడి 2024లో మూతపడెను.

మన దేశమునకును ఈ మార్పు వచ్చినది. 2001లో బిగ్ బజార్ అంగళ్ళు కలకత్తా, హైదరాబాదు మొదలగు నగరములలో వెలసి, ఇరువదేండ్లు వెలిగి, 2022లో మూతపడినవి. 2002లో ముంబయిలో మొదలైన డీమార్ట్ అంగళ్ళు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల పట్టణములలో నేడు సుపరిచితములు. ఇవి గాక 1999లో ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రైతుబజారులను నెలకొల్పెను. అచ్చట నడుమ దళారి లేక రైతు తానే కూరగాయలను అమ్మును. మన వీధి చివరి కిరాణా కొట్టు మాత్రము ఇన్నిటి నడుమ నిలిచియే యున్నది. ఏలన, పావుకిలో పంచదార అయినను అమ్మును. ఎరిగినవారికి నెలాఖరు వరకు ఖాతా వ్రాయును. ఇంటికి సామాను పంపును. నెలజీతము చాలని ఇంటికి ఆ ఖాతాపుస్తకము ఎంత అండయో అనుభవించినవారికే తెలియును. పెద్ద అంగడిలో చేతిలో సొమ్ము లేనివానికి ఒక్క గింజయైనను దొరకదు.

మన దేశములో పొట్లము కట్టిన వస్తువుపై గరిష్ఠ చిల్లర ధర ముద్రింపవలెనను నియమము కలదు. పన్నులన్నియు అందులో చేరియుండును. దానికి మించి ఎవరును తీసికొనరాదు. కాని దానికన్న తగ్గించి అమ్మవచ్చును. పెద్ద అంగళ్ళు ‘ఇంత తగ్గించితిమి’ అని చాటునది ఈ ముద్రించిన ధరతో పోల్చియే. చాల వస్తువులను కిరాణా కొట్టువాడు కూడ ఆ ధరకన్న తగ్గించి ఇచ్చును. కావున అసలు పోలిక ముద్రించిన ధరతో కాదు. రెండు అంగళ్ళలో మనము నిజముగా చెల్లించు ధరలతో.

విద్యార్థులారా! ఇంటి సామాను తెచ్చు పని మీకు తరచుగా అప్పగింపబడును. దానిని చిన్నపనిగా తలపకుడు. ఇంటినుండి బయలుదేరకముందే కావలసిన వానిని కాగితముపై వ్రాసికొనుడు. ఆకలితో అంగడికి పోకుడు. తూకమును, కిలో ధరను, చెల్లుబాటు తేదీని చూడుడు. బిల్లును సరిచూచుకొని భద్రపరచుడు. నెలకు సరిపడు నిలువయుండు సరకులను ధర తక్కువగా నున్నచోట ఒక్కసారిగా కొనుట మంచిదే. దినదినము కావలసిన కూరగాయలు, పాలు మొదలగు వానికి పొరుగు అంగడియే మేలు.

చౌక అనునది మంచి గుణమే. కాని వస్తువునకు మనము చెల్లించు మూల్యము బిల్లులో వ్రాసినంత మాత్రమే కాదు. పోయివచ్చిన దారి, గడచిన కాలము, పారవేసిన సరకు, మూతపడిన పొరుగు కొట్టు, ఇవన్నియు ఆ మూల్యములోనివే. ఈ అంకెలను కూడ కలిపి కూడినవాడే లెక్క తెలిసిన గృహస్థుడు.

ప్రశ్నలు

1. క్లారెన్స్ సాండర్స్ అంగడి పద్ధతిలో తెచ్చిన మార్పేది? దానివలన ధరలు ఎందుకు తగ్గినవి?
2. చక్రముల బండిని మొదట జనులు ఎందుకు ముట్టలేదు? గోల్డ్‌మన్ వారిచేత ఎట్లు వాడించెను?
3. ఒక్కొక్క వస్తువుపై లాభము తగ్గినను మొత్తముపై లాభము పెరుగు విధమును లెక్కతో వివరింపుడు.
4. ఓరియంటల్ అను ఊరి కథ వలన మనము గ్రహింపవలసినదేమి?
5. మీ వీధిలోని కిరాణా కొట్టులోను, మీ పట్టణమందలి పెద్ద అంగడిలోను ఐదు వస్తువుల ధరలను కనుగొని, రానుపోను ఖర్చులను కూడ చేర్చి, ఏది మేలో వ్రాయుడు.